బడిపిల్లల చేతికిఁ బుస్తకము

క్రీ. శ. 1822వ సంవత్సరమున చెన్నపురి గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లా కలెక్టరుల కందఱకును ఒక ఉత్తరువు పంపించెను. జిల్లాలో చదువను వ్రాయను నేర్పు బడులెన్ని, వానిలో పిల్లలెందఱు, వారు ఏయే కులములవారు, ఎన్ని యేండ్లు చదువుదురు, గురువునకు జీతమెంత యిత్తురు, ఏయే గ్రంథములు చదువుదురు అని యందలి ప్రశ్నములు. పెక్కుమంది కలెక్టరులు అంకెలతో పట్టికలు నింపి పంపి యూరకుండిరి. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ మాత్రము 1823 ఆగస్టు 17వ తేదిని పట్టికతోపాటు ఒక దీర్ఘమైన లేఖను గూడ వ్రాసెను. వీథిబడులలో పిల్లలు ఏమి చదివిరి, ఎట్లు చదివిరి, చదివినదానిలో వారి మనస్సునకు ముట్టిన దెంత యను విషయమున ఆ లేఖకు సాటివచ్చు ఆధారము అరుదు.

కాంబెల్ తెలుగు పండితులకు క్రొత్తవాఁడు కాఁడు. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో నిఘంటువును ఇంగ్లీషున రచించి ప్రకటించినవాఁడు. ద్రావిడభాషలు వేఱొక కుటుంబమునకుఁ జెందినవని ఎల్లిస్ దొర నిరూపించిన వ్యాసము వెలువడినది ఆ వ్యాకరణముతోడనే. నాఁటి బళ్లారి జిల్లాలో అనంతపురపు సీమ చేరియుండెను. అది ప్రత్యేక జిల్లా యైనది 1882లో. కాఁబట్టి ఈ లేఖ కన్నడదేశమున కెంత చెందునో తెలుగుదేశమునకును అంత చెందును.

అందలి లెక్కలను బట్టి జిల్లాలోని జనసంఖ్య 9,27,857, బడులు 533, చదువు పిల్లలు 6,641. అనఁగా బడి కొకదానికి పండ్రెండుగురు. జనులలో వేయికి ఇంచుమించు ఏడుగురు. ఆ బడులలో తెలుగువి 226, కన్నడమువి 235, మరాఠీవి 23, పారసీకమువి 21, అరవమువి 4, ఇంగ్లీషుది 1. తక్కిన 23 బ్రాహ్మణ విద్యార్థులకు సంస్కృతశాస్త్రములు చెప్పు స్థలములు. పిల్లలలో బాలికలు అఱువదిమంది. లోఁగడ బడులుండిన గ్రామములు కొన్నిట ఇప్పుడు లేవనియు, ఉన్నచోట్లను పేదల పిల్లలు మానివేయుచున్నారనియు ఆయన విచారముతో వ్రాసెను.

బడి నడచు తీరు కాంబెల్ కన్నులఁ గట్టినట్లు వర్ణించినాఁడు. ఐదవయేఁట అక్షరాభ్యాసము. గురువును బడిపిల్లలును ఇంటికి వచ్చి గణపతి ప్రతిమ చుట్టును వలయముగాఁ గూర్చుందురు. క్రొత్త పిల్లవాఁడు ప్రతిమ కెదురుగాఁ గూర్చుండి ప్రార్థన పలుకును. గురువు చేయిపట్టి నడపఁగా బియ్యములో వ్రేలితో దేవతానామము వ్రాయును. మఱునాఁటినుండి చదువు. ఉదయము ఆఱు గంటలకే బడి. అందఱికంటె ముందు వచ్చినవాని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వానికి పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూఁడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు; ఆపైన వచ్చినవారికి వచ్చిన వరుసను ఒక్కొక్క దెబ్బ హెచ్చుచుండును. ఆలస్యముగా వచ్చువాని గతి చెప్ప నక్కఱలేదు.

అక్షరములను ముందు నోట పలికి నేర్చుట గాక, ఇసుకలో వ్రేలితో వ్రాసి నేర్చుట ఆ బడుల పద్ధతి. తరువాత తాటియాకుపై గంటము. పిమ్మట బలపముతో పలక, కడితము. కడిత మనఁగా గంజి పెట్టి బిరుసు చేసిన గుడ్డను పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గుపొడియు బంకయు పూసి నల్లచేసినది. తడిగుడ్డతో తుడిచిన వ్రాత పోవును, మరల వ్రాసికొనవచ్చును. ఈ కడితమే బడిపిల్లవాని పుస్తకము. వాని చేతిలో నుండినది వాఁడు వ్రాసికొన్నదే. మఱునాఁటికి తుడిచివేసికొన్నదియు వాఁడే. ఇతరులు వ్రాసిన గ్రంథ మొకటి చేతఁబట్టుకొని, ఇష్టమైనచోట తెఱచి, ఇష్టమైనంత చదివికొను స్థితి నాఁటి వీథిబడి పిల్లవానికి సామాన్యముగా లేదు.

గ్రంథములే లేవనుట గాదు. రామాయణ భారత భాగవతములు ఎల్ల కులముల పిల్లలును చదువుచుండిరని కాంబెల్ చెప్పినాఁడు. కంసాలి మొదలగు పనివాండ్ర పిల్లలకు విశ్వకర్మపురాణాదులు, లింగధారుల పిల్లలకు బసవపురాణాదులు అదనము. వినోదమునకై చదువు కథలలో పంచతంత్రమును, బేతాళపంచవింశతియు పేర్కొనఁబడినవి. అమరము, ఆంధ్రనామసంగ్రహము, ఆంధ్రదీపిక మొదలగునవి భాషాజ్ఞానమునకు. పట్టిక చూచిన కన్ను చల్లఁబడును. కాని ఆయన వెంటనే రెండు మాటలు చేర్చినాఁడు. ఆ లేఖకు ప్రాణము ఆ రెండు మాటలే. మొదటిది: వ్రాతప్రతుల వెల హెచ్చు, గురువులు పేదవారు, అందుచేత భాష బాగుగా నేర్చుకొనుటకు మిక్కిలి అవసరమైన నిఘంటువ్యాకరణములే బడులలో మిక్కిలి అరుదు, ఉన్న ప్రతులును లేఖకుల అజాగ్రత్తచే తప్పులతడకలు. రెండవది: చదువు గ్రంథములన్నియు పద్యములు, అవి జనులు మాటలాడుకొను భాషకును వ్యవహారపత్రములలో వ్రాయు భాషకును మిక్కిలి దూరమైనవి, పిల్లలు అక్షరముల ఉచ్చారణను గమనింతురే గాని అర్థమును గమనింపరు, అర్థము చెప్పఁగల గురువులును కొలఁదిమందియే. వందలకొలఁది పద్యములు వల్లించు పిల్లవానికి వాని తాత్పర్యము చిలుకకు తెలిసినంతయే తెలియునని ఆయన నిర్ణయము.

ఈ నిర్ణయములో కొంత తొందరపాటు లేకపోలేదు. చిన్ననాఁట అర్థము తెలియకయే ధారణపట్టిన సుమతీశతకము, అమరము నడివయస్సున పండి ఉపకరించినవారు ఈ దేశమున తరతరములుగా ఉన్నారు. ధారణ యన్నది ఒక పెట్టుబడి. దాని లాభము ఆలస్యముగా వచ్చును. వీథిబడి పద్ధతిని ఈ దృష్టితో చూడని దోషము కాంబెల్ లేఖలో కలదు. కాని ఆ లాభమును పొందుటకు పిల్లవాఁడు చదువులో నిలువవలెను. తలిదండ్రులకు శక్తి గలవారి పిల్లలు పదునాలుగు పదునైదేండ్లు చదివిరి. పేదల పిల్లలు ఐదేండ్లకే బడి విడిచిరి. అర్థము పండులోపలనే నాఁగటికి పోయిన పిల్లవానికి పద్యమును నిలువలేదు, అక్షరమును నిలువలేదు. కాంబెల్ చెప్పిన చిలుకపలుకు ఈ పిల్లవాని పట్ల నిజము.

చదువుభాషకును పలుకుభాషకును గల యెడమును గూర్చి కాంబెల్ వ్రాసిన మాటయే తొంబదియేండ్ల తరువాత గిడుగు రామమూర్తి పంతులు వాదములోను వినవచ్చినది. దానికి ప్రత్యుత్తర మిచ్చిన పండితులును, 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తును ఈ లేఖను ప్రధానాధారముగా చర్చింపకపోవుట వింతగాఁ దోఁచును. గ్రాంథికమున వ్రాయు వ్యాసమే ఈ సంగతి చెప్పుట మఱియొక వింత. అయినను ఆరేండ్ల పిల్లవాని తొలి పుస్తకము వేఱు, పరిశోధకుల పత్రిక వేఱు.

మన్రో 1826లో చెన్నపురి రాజధాని యంతటికిని లెక్క తేల్చినాఁడు: బడులు 12,498, జనసంఖ్య 1,28,50,941. జిల్లాకు రెండు పెద్దబడులు, తాలూకాకు ఒక బడి స్థాపింప నుద్దేశించెను. 1827లో పత్తికొండలో విషూచితో మరణించెను. తాలూకా బడులు కొన్ని నడిచి 1836లో ఎత్తివేయఁబడెను. ఆ ప్రయత్న మంతటితో సరి.

వ్రాతప్రతి వెలను తగ్గించినది అచ్చు. రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలు 1819లో, పంచతంత్ర కథలు 1834లో అచ్చుపడినవి. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో. ఇవి ముందుగా దొరలకు తెలుగు నేర్పు కళాశాలకొఱకో, పెద్దతరగతులకొఱకో పుట్టినవి. పల్లెబడికి నిజముగా చేరిన అచ్చుపుస్తకము బాలశిక్ష. ఓనమాలు, గుణింతములు, ఎక్కములు, తిథివారనక్షత్రములు, నీతివాక్యములు, పద్యములు అన్నియు ఒక్క అట్టల నడుమ నుండుటచే అది కొన్ని తరములకు ఇంటిగ్రంథాలయము వంటిది. అన్న చదివినది తమ్మునికి, తమ్ముఁడు చదివినది చెల్లెలికి. అయినను అది ఒక్క పుస్తకము. ఒక్క పుస్తకమున్న యింట చదువు ఉండును గాని పఠనాసక్తి పుట్టుట కష్టము. ఎంచుకొనుటకు రెండవదేదియు లేదుగదా!

ఇంతలో సర్కారు సహాయద్రవ్యము ఫలితములను బట్టి యిచ్చు పద్ధతి చెన్నపురి రాజధానిలో 1860వ దశాబ్దిలో ప్రవేశించెను. పరీక్షాధికారి యేఁటికొకమాఱు వచ్చి వాచకములోని పాఠము చదివించును. ఎందఱు కృతార్థులైన అంత ద్రవ్యము. గురువు జీవనము ఒక్క వాచకముపై నిలిచినప్పుడు ఆ వాచకమును ఏఁడాది పొడవున వల్లింపఁజేయుట తప్ప అతఁడు మఱేమి చేయును? తలక్రిందులుగా పట్టుకొన్న పుస్తకమునుండి తప్పులేక చదివిన పిల్లల ముచ్చటలు పాత యుపాధ్యాయులు చెప్పుకొనుచుండెడివారు. పద్యమునకు బదులు గద్యము వచ్చినది. చిలుక మాత్రము మాఱలేదు. 1904లో హిందూదేశ ప్రభుత్వము తన విద్యావిధాన ప్రకటనమున ఈ పద్ధతిని త్రోసివేసెను.

చదువు చెప్పుట వేఱు, చదువరిని చేయుట వేఱు అను భేదమును పరిపాలనలో గుర్తించినవాఁడు బడోదా ప్రభువు మూఁడవ సయాజీరావు గాయకవాడు. ఆయన 1893లో అమ్రేలి తాలూకాలోను, 1906లో సంస్థానమంతటను ప్రాథమికవిద్యను నిర్బంధము చేసెను. బడి విడిచిన పిల్లలు చదువుటకేమియు లేక కొలఁదియేండ్లలోనే అక్షరములు మఱచుచున్నారని చూచి, నిర్బంధవిద్య వ్యర్థము గాకుండవలెనన్న గ్రంథాలయములు కావలెనని నిశ్చయించెను. 1910లో అమెరికానుండి బోర్డెన్ అను గ్రంథాలయవేత్తను రప్పించెను. ఊరివా రొక భాగము, స్థానికసంస్థ యొక భాగము, సర్కారొక భాగము వేసికొని గ్రామగ్రంథాలయము నడుపుట అచటి యేర్పాటు. పెక్కుచోట్ల బడిపంతులే దానికి పెద్ద. గ్రంథాలయము లేని యూళ్లకు పుస్తకముల పెట్టెలు పంపఁబడెను. పెట్టెయే పైకమ్ము, పెట్టెయే బీరువా. పోవు ఖర్చును వచ్చు ఖర్చును సంస్థానమే భరించెను. రాజధానిలోని కేంద్రగ్రంథాలయమున పిల్లలకు వేఱు విభాగమేర్పడి, అందు బొమ్మల పుస్తకములతోపాటు ఆటవస్తువులును ఉంచఁబడెను.

దొర రాకముందే 1906 ప్రాంతమున ఆ సంస్థానమున మిత్రమండలి పేరిట చిన్న చిన్న పఠనాలయములను నెలకొల్పిన ఉపాధ్యాయుఁడు మోతీభాయి అమీన్. గిజూభాయి బధేకా యను న్యాయవాదికి మాంటిసోరి బోధననుగూర్చిన పుస్తకము నిచ్చి ఆయన దృష్టిని శిశువిద్యవైపు త్రిప్పినది ఆయనయే. గిజూభాయి న్యాయవాదవృత్తి విడిచి భావనగరమున 1920లో బాలమందిరము స్థాపించెను. 1930వ దశాబ్ది ఆరంభమున ఆయన గుజరాతీలో వ్రాసిన ‘దివాస్వప్న’ము, తెలుగున ‘పగటికల’, ప్రాథమికపాఠశాలా గ్రంథాలయ మెట్లు పుట్టవచ్చునో చెప్పిన గ్రంథములలో మిక్కిలి యుపయోగకరము. కథ కల్పితమే, నాలుగవ తరగతి పంతులొకఁడు కథానాయకుఁడు. అతఁడు మొదట పిల్లలకు పుస్తకములు పంచలేదు; దినదినము కథలు చెప్పెను. కథ వినుటకు మరగిన పిల్లలు ఇంకొకటి ఇంకొకటి యనునప్పుడు, పాఠ్యపుస్తకములకై వారి యిండ్లవారు వెచ్చింపఁబోయిన పైకమునే కూర్చి కథల పుస్తకములు కొని తరగతిలోనే పెట్టెను. ఒకే వాచకము ప్రతులు నలువదికి బదులు నలువది వేర్వేఱు పుస్తకములైనచో ప్రతి పిల్లవానికిని చదువుటకు నలువది యున్నట్లే. ఈ లెక్క యింత సులభము! అయినను బడులలో దీనిని ఆచరించినవారు తక్కువ. ముందు వినికి, పిమ్మట చదువు అను ఈ క్రమము పురాణకాలక్షేపములును, అవ్వ చెప్పు కథలును ఎఱిఁగిన తెలుగుపల్లెకు క్రొత్తది కాదు. బడి దానిని ద్వారము వెలుపలనే నిలిపినది.

తెలుగుదేశపు గ్రంథాలయోద్యమమునకు బడోదాతో ప్రత్యక్షసంబంధము కలదు. 1911లో బెజవాడలో రామమోహన ధర్మపుస్తకభాండాగారము, 1914లో ఆ యూరనే చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి యధ్యక్షతను గ్రంథాలయప్రతినిధుల మహాసభయు, ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును ఏర్పడెను. సంఘమునకు ప్రాణము అయ్యంకి వేంకటరమణయ్య గారు. వారి పూనికచే 1919లో చెన్నపురిలో జరిగిన అఖిలభారత గ్రంథాలయ మహాసభకు అధ్యక్షుఁడు బడోదా గ్రంథాలయశాఖాధికారి కుడాల్కరు. పెట్టెలు పంపు పద్ధతి ఇటకు వచ్చి నీటిదారి పట్టినది: 1935లో పాతూరి నాగభూషణము గారు కొల్లూరు, పెదవడ్లపూడి ప్రాంతపు కాలువలో పడవపై గ్రంథాలయము నడిపించిరి. నైజామురాష్ట్రమున దొరతనపు భాషయు ఉన్నతవిద్యా భాషయు ఉర్దూ యైనప్పుడు తెలుగు చదువుకొనఁగోరు పిల్లలకు 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయమును బడికి మించిన బడులైనవి.

ఇంత యుద్యమమునందును పసిపిల్ల లొక ప్రక్కనే యుండిరి. గ్రంథాలయమునకు వచ్చువారు యువకులు, పెద్దలు; తెప్పించునవి నవలలు, చరిత్రలు, వార్తాపత్రికలు. పిల్లలకొఱకే వ్రాసిన తెలుగుపుస్తకములు గుప్పెడు లేని కాలమున గ్రంథాలయాధికారి మాత్రమేమి చేయును? 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’యు, 1947లో ‘చందమామ’యు వెలువడిన పిమ్మట గాని నెలనెలకు ఎదురుచూచి చదువు పసిచదువరులు పెద్దసంఖ్యలో ఈ భాషకు కలుగలేదు. ఆ పత్రికలు ఇండ్లకు పోయినవి. బడులలోనికి అంతగా పోలేదు. బడికి అవి ఆటవిడుపు.

1948లో చెన్నపురి, 1955లో హైదరాబాదు, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ శాసనములు చేసికొన్నవి. గ్రంథాలయపన్ను, జిల్లాసంస్థలు ఏర్పడినవి. కాని ఊరిగ్రంథాలయ మొక శాఖది, ఊరిబడి మఱియొక శాఖది. నడుమ బడిపిల్లల పఠనము రెంటికి చెడిన రేవడి యైనది. 1986 నాఁటి జాతీయవిద్యావిధానము ననుసరించి 1987లో ఆరంభమైన నల్లబల్ల పథకమున ప్రాథమికపాఠశాలలకు పుస్తకములును ఈయవలెనను నియమము వచ్చెను. 2009 నాఁటి విద్యాహక్కు శాసనము ప్రతి పాఠశాలకును గ్రంథాలయ ముండవలెననియు, అందు కథలపుస్తకములు నుండవలెననియు స్పష్టముగా చెప్పినది. 2018లో ఆరంభమైన సమగ్రశిక్షలో ప్రాథమికపాఠశాల గ్రంథాలయమునకు ఏఁటికి రూ. 5,000 వఱకు కేటాయింపు కలదు. 1823లో కాంబెల్ చూచిన ప్రతులకొఱత ఇప్పు డట్లు లేదు.

ఇప్పటి కొఱత వేఱొకటి. వచ్చిన పుస్తకములు సామానుల పట్టీలో నెక్కును. పోయినచో, చినిగినచో జవాబు చెప్పవలసినవాఁడు ప్రధానోపాధ్యాయుఁడు. బల్లలు, గడియారము, తూకపురాళ్లు లెక్కింపఁబడిన పట్టీలోనే కథలపుస్తకమును లెక్కింపఁబడుటచే అదియు బీరువాలో తాళము క్రింద చేరుచున్నది. తనిఖీనాఁడు క్రొత్తగా నుండుట పుస్తకమునకు సద్గుణమైనది. ఇందు ఉపాధ్యాయుని నిందించుట అన్యాయము. చిన్న జీతమునుండి పోయిన పుస్తకపు వెల కట్టవలసి వచ్చునను భయమున్న కాలమున ఎవఁడైనను తాళమే వేయును. పుస్తకము వాడుటకే గాని దాఁచుటకు గాదను తత్త్వమును 1931లో చెన్నపురి విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రంగనాథన్ తన పంచసూత్రములలో మొదటిదానినిగా నిలిపినాఁడు. ఆ సూత్రము గ్రంథాలయశాస్త్ర విద్యార్థులకు కంఠస్థము; బడులలోని సామానుల పట్టీకి మాత్రము తెలియదు. ఏఁటికి నూటికి కొన్ని పుస్తకములు వాడుకలో చినుగునని ముందే యొప్పుకొని కొట్టివేయు అధికారమును పంతులునకే యిచ్చినచోట తాళము ఊడును.

పంతులునకు తీఱిక లేదనుట మఱియొక యాక్షేపణము. ఒక్కరే రెండు మూఁడు తరగతులు చెప్పు బడిలో ఇది నిజమే. దీనికి జవాబు కాంబెల్ లేఖలోనే యున్నది. వీథిబడులలో ఆయన మెచ్చిన దొకటి కలదు: పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుచు తమ చదువును గట్టిచేసికొను ఏర్పాటు. చెన్నపురి ఎళుంబూరులో అనాథబాలుర పాఠశాల నడపిన ఆండ్రూ బెల్ ఇసుకవ్రాతను దేశీయ బడినుండి గ్రహించి, పిల్లలచేతనే పిల్లలకు చదువు చెప్పించు పద్ధతితో చేర్చి 1797లో గ్రంథముగా వ్రాసి ఇంగ్లండున వ్యాపింపఁజేసెను. ఇంగ్లండు అనుకరించినది తగినపనియేయని కాంబెల్ ఒప్పుకొనినాఁడు. నాలుగైదు తరగతుల పిల్లలకే గ్రంథాలయమును అప్పగించి, వారానికి రెండు దినములు పుస్తకములు వారే యిచ్చుచు వారే పుచ్చుకొనుచు వ్రాసికొనునట్లు చేసినయెడల పంతులు చేయవలసినది దినమునకు పావుగంట కథ చదివి వినిపించుటయే. మధ్యలో, కథ కుతూహలము పట్టినచోట ఆపి, తక్కినది ఆ అఱలో నున్నదని చెప్పినఁ జాలును.

పుస్తకము ఇంటికి పోనిచ్చుట విషయమున బళ్లారిపట్టికలోని ఆ యఱువది యను అంకెను మరల చూడవలసియున్నది. 6,641 మందిలో అఱువదిమంది బాలికలు. బడికి రాని తక్కిన ఆడపిల్లలున్న యింటికి పోఁగలిగిన అచ్చుపుస్తకము తరువాతి కాలమున అన్న చేతి బాలశిక్ష మాత్రమే. నేఁడు బాలికలు బడిలోనే యున్నారు. అయినను బడిలోని గంట వారిది కాదు, అందఱిది. సాయంకాలము ఇంట తమ్మునికి చదివి వినిపించుటకు ఆమె సంచిలో పుస్తక మొకటి యున్నదో లేదో, అది ఆ యూరి బడిలో పుస్తకములను ఇంటి కిత్తురా యను ఒక్క నియమముపై నాధారపడియున్నది. శాసనములలో దీని ప్రసక్తి లేదు. ప్రధానోపాధ్యాయుని యిష్టమునకు విడువఁబడినది.